చిరిగిన జెండాలు పెరట్లో కాల్చేను, మేడ మీంచి వీడియో తీసేరు. ఇది కేసవుతుందా?

ప్రశ్న రాసినవారు: గంటస్తంభం స్టేషనరీ

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర సందులో 23 ఏళ్లుగా నోటుపుస్తకాలు, పెన్నులు, చార్టుల షాపు నడుపుతున్నాను. ఆగస్టులో ఓ వారం, జనవరిలో ఓ వారం జెండాలే నా వ్యాపారం. మిగతా ఏడాదంతా జామెట్రీ బాక్సులూ, జెరాక్సులూ.

ఈసారి 16వ తారీకు పొద్దున్న షాపు తీసేసరికి మెట్ల మీద ఎవరో ఓ కట్ట పడీసి వెళ్లిపోయేరు. విప్పితే జెండాలు. వాడీసినవి, చిరిగినవి, బురదంటినవి. కొన్నవాళ్లే "నీ దగ్గర కొన్నాం, నువ్వే చూసుకో" అన్నట్టు. వాటికి నా దగ్గర అమ్ముడవకుండా మిగిలిన తప్పుడు ప్రింటువి కలిపేను. తప్పుడు ప్రింటంటే ఏటో చెప్పాలి. ఒకదాంట్లో చక్రం తెల్ల పట్టీ దిగిపోయి ఆకుపచ్చలోకి వచ్చీసింది. ఇంకోదాంట్లో ఆకులు లెక్కపెడితే 21. ఉండాల్సినవి 24. అలాంటివి అమ్మడానికి నాకు మనసొప్పదు, వెనక్కిస్తే హోల్‌సేల్ వాడు తీసుకోడు. అన్నీ కలిపి 38.

జెండా కోడ్, అంటే జెండాని ఎలా వాడాలో చెప్పే నియమావళి, ఆ కాగితం నా దగ్గర ఉంది, 2002 నాటిది. పాడైపోయిన జెండాని పక్కన పడెయ్యకూడదు, అగౌరవంగా చూడకూడదు, నలుగురి కంటా పడకుండా పూర్తిగా నాశనం చెయ్యాలి, కాల్చడం మేలు అని ఉంది. కాగితం జెండాలనైనా నేల మీద పారెయ్యకూడదు. అందుకని సాయంత్రం పెరట్లో ఇనప బేసిన్ పెట్టి, ఒక్కొక్కటే నాలుగు మడతలేసి, కర్పూరం బిళ్లతో అంటించేను.

కాల్చినవాళ్లకి తెలుస్తుంది, పోలిస్టరు నూలులా మండదు, ముడుచుకుని కరుగుతుంది. కాషాయం ముందు నల్లగా చుట్టుకుపోయి, తర్వాత చుక్కలు చుక్కలుగా కారింది. ఆ చుక్కలు బేసిన్ అడుక్కి అంటుకుపోయి మర్నాడు అట్లకాడతో గీకితేగానీ రాలేదు. చక్రం ఉన్న ముక్క ఒకటి సగం కాలి అలా మిగిలిపోయింది. దాన్ని చూస్తూ కూర్చోలేక ఇంకో కర్పూరం బిళ్ల వేసేను. నల్ల పొగ, ప్లాస్టిక్ కంపు. ఆ పొగ చూసే కాబోలు, పక్క మేడ మీద ఉండే ఇంటర్ కుర్రాడు ఫోన్ ఎత్తేడు.

పధ్నాలుగు సెకన్ల వీడియో. మా పేట వాట్సాప్ గ్రూపులో పడింది. అందులో నేను మడతలేసింది లేదు, చెప్పులు విప్పి కూర్చున్నదీ లేదు. మంటా, నా మొహమూ ఉన్నాయంతే. రాత్రి ఎనిమిదింటికి నలుగురు వచ్చేరు. "ఏటండీ, రోజూ జెండాలమ్ముకుని బతుకుతూ జెండానే కాల్చీసేరా? కేసు పెట్టిస్తాం" అని. కాగితం చూపించేను. "మాకు కోడూ గీడూ తెలీదు, కాల్చేరా లేదా చెప్పండి" అన్నాడొకాయన. కాల్చేనన్నాను. మరేటి చెప్పాలి? ఆయన బండి హ్యాండిలుకి కట్టిన జెండా గాలికి పీలికలైపోయి ఆకుపచ్చ సగమే మిగిలింది. 14వ తారీకున నా దగ్గర కొన్నదే. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగీసేను.

నా ప్రశ్నలు రెండు. నా పెరడు మేడ మీంచి కనబడుతుంది గనక అది బహిరంగమా? కాల్చడమే నేరమూ, కాల్చడమే పద్ధతీ అయితే చట్టం కాపాడుతున్నది గుడ్డనా, ఇంకేదైనానా? మావాడు ఇంజినీరింగు చదువుతున్నాడు. "అమెరికాలో ఎవరైనా కాల్చుకోవచ్చు నాన్నా, ఎవడూ అడగడు" అంటాడు. నిజమేనా? అదే మంచిదంటారా?

జవాబు 1: కోర్టు మెట్ల మీద జూనియర్, శ్రీకాకుళం

షాపు గారూ, ముందు కంగారు పడకండి.

మిమ్మల్ని బెదిరించినవాళ్లు చెప్పే చట్టం 1971 నాటిది, జాతీయ గౌరవానికి అవమానాలు జరక్కుండా చేసినది. రెండో సెక్షను. బహిరంగ స్థలంలో గానీ, జనం చూపుకి ఆనే ఇంకే చోటైనా గానీ జెండాని కాల్చినా, చింపినా, తొక్కినా, మాటతో గానీ చేతతో గానీ అగౌరవపరిచినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి చేస్తే కనీసం ఏడాది లోపలుండాలని 2003లో చేర్చేరు. రాజ్యాంగాన్ని కాల్చినా ఇదే సెక్షను.

"జనం చూపుకి ఆనే" అన్న మాట దగ్గరే మీ పెరడు ఇరుక్కుంది. అవతలి వకీలు మేడని చూపిస్తాడు. మీ వకీలు మాత్రం సెక్షను చివర్న ఉన్న "మరే విధంగానైనా అగౌరవపరిచినా" అన్న మాట పట్టుకోవాలి. ముందు చెప్పిన కాల్చడం, చింపడం కూడా అగౌరవంగా చేసినవే అవాలని దాని ఉద్దేశమని వాదించాలి. నేనైతే అదే వాదిస్తాను. కానీ కోర్టు దాకా వెళ్తే కదా! ఇలాంటి వాటిలో శిక్ష తీర్పుతో రాదు, స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టిన పూటే పడిపోతుంది.

చాలామందికి తెలియనిది ఒకటుంది. అదే సెక్షను వివరణలో, జెండాని చట్టబద్ధంగా మార్పించాలనే ఉద్దేశంతో విమర్శిస్తే నేరం కాదని రాసేరు. ప్రభుత్వం చేసే పనులని తప్పుపట్టినా కాదు. అంటే "ఈ రంగులొద్దు, మార్చండి" అని మీరు గంటస్తంభం దగ్గర మైకులో చెప్పుకోవచ్చు.

మీ చేతిలో ఉన్న కోడ్ మాత్రం అచ్చంగా చట్టం కాదు. పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ కేసులో 2004 జనవరి 23న సుప్రీంకోర్టు అదే చెప్పింది. ఆయన ఫ్యాక్టరీ ఆఫీసు మీద జెండా ఎగరేస్తే అధికారులు కుదరదన్నారు. గౌరవంగా ఎగరేసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) కింద పౌరుడి భావప్రకటన హక్కని కోర్టు తేల్చింది. ఇవాళ మీరు ఆగస్టులో అన్ని జెండాలు అమ్ముకోగలుగుతున్నారంటే ఆ కేసు పుణ్యం కొంత ఉంది. ఎగరెయ్యడం భావప్రకటన అయితే దించి కాల్చడం ఏమవుతుందని మా సీనియర్ని ఓసారి అడిగేను. "ముందు వాయిదా కాగితం రాయి" అన్నారు.

ఈసారి రేకు అడ్డం పెట్టి కాల్చండి. తెలిసినవాళ్లిద్దర్ని పక్కన పెట్టుకోండి.

జవాబు 2: ఆమదాలవలస టు డాలస్

అన్నయ్యా, మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. నేను పన్నెండేళ్లుగా డాలస్ పక్కనే ఉంటున్నాను. ఆ గొడవంతా ఈ ఊళ్లోనే మొదలయింది.

1984లో ఇక్కడ రిపబ్లికన్ పార్టీ మహాసభ జరుగుతుంటే గ్రెగరీ లీ జాన్సన్ అనే ఆయన సిటీ హాలు ముందు జెండా కాల్చేడు. టెక్సస్ చట్టం కింద ఏడాది జైలు, రెండు వేల డాలర్ల జరిమానా వేసేరు. కేసు సుప్రీంకోర్టుకెళ్లి 1989లో 5-4తో ఆయన గెలిచేడు. ఆయన వైపు ఓటేసిన అయిదుగురు జడ్జీల్లో స్కాలియా కూడా ఉన్నాడు, పక్కా సంప్రదాయవాది. అప్పటికి 50 రాష్ట్రాల్లో 48కి ఇలాంటి చట్టాలున్నాయి, అన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. ఇక్కడి పార్లమెంటు వెంటనే కొత్త చట్టం చేసింది. 1990లో దాన్నీ అదే 5-4తో కొట్టేశారు. ఇంక రాజ్యాంగమే మారుద్దామని ఎన్నోసార్లు చూశారు. 2006లో సెనేట్‌లో 66-34 వచ్చింది. కావలసినవి 67. ఒక్క ఓటు!

కాబట్టి "ఎవడూ అడగడు" అన్నది తప్పు. ఇక్కడ అడుగుతూనే ఉంటారు.

మీ రెండో ప్రశ్న ఉంది చూడండి, సరిగ్గా అదే ఆ తీర్పులో ఉంది. ఇక్కడి జెండా నియమావళి కూడా పాడైన జెండాని కాల్చడమే మేలంటుంది. మా పక్కింటి పెద్దాయన వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చినవాడు. ఆయన ఇంటి ముందు జెండా అంచులు చీలికలైతే మాజీ సైనికుల హాలు దగ్గర డబ్బాలో వేసి వస్తాడు, వాళ్లు ఓ రోజు అన్నీ కలిపి కాలుస్తారు. ఆ మంటకి సెల్యూట్. జాన్సన్ మంటకి జైలు. మురికి పట్టిన జెండాని భక్తితో కాలిస్తే ఒప్పుకుని, కోపంతో కాలిస్తే శిక్షిస్తున్నారంటే మీరు శిక్షిస్తున్నది మంటని కాదు, దాని వెనకున్న అభిప్రాయాన్ని అని తీర్పు రాసిన బ్రెన్నన్ లెక్క. ఆ లెక్క నాకు తప్పుగా కనబడలేదు. కాల్చేవాడి మీద నాకు ప్రేమేమీ లేదు. కానీ కడుపులో ఏముందో పోలీసు తేల్చాలంటే, మీ ఇంటి ముందుకొచ్చిన నలుగురే తేలుస్తారు. మీకు జరిగింది అదే కదా.

జవాబు 3: మాజీ హవల్దారు, బొబ్బిలి వైపు

ఆమదాలవలస బాబూ, లెక్కలు బాగానే చెప్పేవు. నా లెక్క విను.

మా యూనిట్ కుర్రాడొకడు పోతే శవపేటికతో పాటు ఊరికి నేనే వచ్చేను. పేటిక మీద జెండా ఉంటుంది, కాషాయం తలవైపు. చితి దాకా అలాగే వెళ్తుంది. దాన్ని మాత్రం చితిలో వెయ్యరు. పూడ్చే ఆచారం ఉన్నా గోతిలోకి దింపరు. తీసి మడతపెట్టాలి. కాషాయం, ఆకుపచ్చ తెల్ల పట్టీ కిందికి వెళ్లాలి, తర్వాత రెండు వైపుల నుంచీ తెలుపుని మడిస్తే పైకి చక్రమూ, కొంచెం కాషాయం, కొంచెం ఆకుపచ్చ కనబడాలి. దాన్ని రెండు అరచేతుల మీద పట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లేను. ఆవిడ తీసుకోలేదు. "నాకు గుడ్డెందుకు బావూ" అంది. అలా నిలబడిపోయేను. ఎంతసేపో తెలీదు. తర్వాత వాళ్లాయన వచ్చి తీసుకున్నాడు.

ఆవిడకి అది గుడ్డ అనే హక్కుంది. ఇంకెవడికీ లేదు. ఆ ఇంటి ముందు రోడ్డు మీద ఎవడో జెండాకి కిరసనాయిలు పోసి అంటిస్తే, అది అభిప్రాయం, అలాగే వదిలెయ్యండి అని వాళ్లాయనతో నేను చెప్పలేను. చట్టం ఉండాల్సిందే. మూడేళ్లు ఎక్కువేమీ కాదు.

షాపాయన చేసింది మాత్రం తప్పు కాదు. బెదిరించడానికి వచ్చిన నలుగురిలో ఎవరికైనా జెండా మడత పెట్టడం వచ్చునేమో అడగండి.

జవాబు 4: పొందూరు నూలు

పెద్ద మాటలు నాకు తెలీవు. మా ఇంట్లో అమ్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది, ఇప్పటికీ దువ్వేవాళ్లు ఉన్నారు. జెండాలకి వెళ్లే ఖద్దరు మాది కాదు లెండి, అది కర్ణాటకలో హుబ్బళ్లి వైపుది. మాది పంచెలకీ చీరలకీ వెళ్లే సన్న నూలు. అయినా నూలు ఎక్కడిదైనా నూలే. కాలిస్తే బూడిదవుతుంది, వేళ్లతో నలిపితే పొడైపోతుంది, మొక్క మొదట్లో వేసుకోవచ్చు. 2021 డిసెంబరు దాకా జెండా చేత్తో వడికి చేత్తో నేసినదే అయ్యుండాలి. ఆ నెల 30న మిషనుదీ, పోలిస్టరుదీ కూడా సరేనన్నారు. అట్లకాడతో గీకాల్సిన జెండా అప్పుడే వచ్చింది. ముందు దాన్ని గురించి ఎవరైనా కేసు పెట్టండి.

మళ్లీ ప్రశ్న రాసినవారు: గంటస్తంభం స్టేషనరీ

అందరికీ దండాలు. హవల్దారు గారి జవాబు మా ఆవిడకి చదివి వినిపించేను. అమ్మ దగ్గరికొచ్చేసరికి ఆపీమంది.

చట్టం తీసెయ్యమని నేను అనటం లేదు. డాలస్ తమ్ముడి తర్కం పట్టుకుని హవల్దారు గారి ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. కానీ కిరసనాయిలు డబ్బా పట్టుకున్నవాడినీ, కర్పూరం బిళ్ల పట్టుకున్నవాడినీ ఒకే వాక్యంలో ఇరికించీసి, మిగతాది మేడ మీది ఫోనుకి వదిలెయ్యడం నాకు నచ్చలేదు. పాడైన జెండాని పద్ధతిగా కాల్చింది నేరం కాదని ఆ సెక్షనులోనే ఒక్క ముక్క రాసుంటే ఏం పోయేది? విమర్శకి రాసేరు కదా వివరణ.

కేసు ఏదీ పెట్టలేదు. నలుగురిలో ఒకాయన మర్నాడు పొద్దున్నే వచ్చి బండి హ్యాండిలు మీది పీలిక విప్పి నా బల్ల మీద పెట్టేడు. ఏమీ అన్లేదు. నేనూ అన్లేదు. అది 39వది. దాన్ని కాల్చలేదింకా, సొరుగులో ఉంది. వచ్చే జనవరికి నూలు జెండాలే తెప్పిద్దామనుకుంటున్నాను. రేటు నాలుగింతలు, ఎంతమంది కొంటారో చూడాలి. పొందూరు వారు ఎవరైనా ఎక్కడ దొరుకుతాయో చెబితే మేలు.

నిన్న ఆ ఇంటర్ కుర్రాడు షాపుకొచ్చేడు. రికార్డుకి చార్టులు రెండు, స్కెచ్ పెన్నులు. డబ్బులిచ్చి కదలడేం? "అంకుల్, ఆ వీడియో డిలీట్ చేసీసేను" అన్నాడు తలొంచుకుని.

"గ్రూపులోంచా?"

"కాదంకుల్, నా ఫోన్లోంచి."