నాయన బుల్లెట్‌కు గేరు రాడ్డు మార్చాల్నా, వద్దా? చీలమండ నొప్పి

ఓరుగల్లు350:
మా నాయన బండి, 1973 బుల్లెట్ 350. కుడి పక్క గేరు, ఎడమ పక్క బ్రేకు, నాలుగు గేర్లు. నాయన పోయినంక నేనే నడుపుతున్న. రెండేండ్ల కింద బావి మెట్ల మీద జారి కుడి చీలమండ బెణికింది. నడిస్తే ఏం కాదు. గేరు దించేటప్పుడే పాణం పోతది. ఈ బండికి ఫస్టు పైకి, మిగతా మూడు కిందికి కదా. ఎక్కించుడు అంటే తొక్కుడే, బాధ లేదు. దించాలంటే పాదం కిందికెళ్లి పెట్టి లేపాలె. హనుమకొండ నుంచి కాజీపేట పోయేసరికి ఎన్నిసార్లు లేపుతనో లెక్క లేదు. వెల్డింగ్ షాపాయన రాడ్డుకు వెనక ఒక ముక్క అతికిస్త, మడమతోటి తొక్కుకో అంటున్నడు. 800 అడిగిండు. ఇంకొకాయన గేరు మొత్తం ఎడమకు మార్చుకో అంటుండు. ఏం చేయాలె అన్నలూ?

పాతఇనుము:
తమ్ముడూ, వెల్డింగ్ మిషను ఆ బండి ఛాయలకి రానివ్వకు. 50 ఏళ్ళు దాటిన బండి నీది. 2021 కేంద్ర వాహన రూల్స్ ప్రకారం, పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పనికొస్తుంది, నంబర్లో వీఏ అని వస్తుంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. ముక్కలు అతికించాక ఎవడు ఒప్పుకుంటాడు? నా 1968 బండికి ఒక షాపులో నన్ను అడక్కుండా రాడ్డు బండి మీద ఉండగానే వెల్డింగ్ పట్టేశారు. ఆ వేడికి సీలు పోయింది. గేర్ బాక్సులో గ్రీజంతా మా ఇంటి అరుగు మీద. ఆ మరక ఇప్పటికీ ఉంది. కాలికి క్రేపు బ్యాండేజీ కట్టుకో, నెమ్మదిగా నడుపు.

కిక్కురాడ్డు:
800 ఆ? మా ఊళ్ళో 300.

ఎజ్డీఅక్క:
పాతఇనుము గారూ, ఆ రూల్స్‌లోనే ఇంకో మాట ఉంది, అది మీరు చదవలేదా? వింటేజ్ నంబరు తీసుకుంటే ఆ బండిని రోజువారీ తిప్పుకోకూడదు. ఫీజు 20,000 కట్టి, బండిని షెడ్డులో పెట్టి, ర్యాలీ, ప్రదర్శన లాంటివి ఉన్న రోజు మాత్రం బయటికి తీయాలి. ఆ తమ్ముడు కాజీపేట వెళ్ళొస్తానంటుంటే మీరు ప్రదర్శన సంగతి చెబుతున్నారు.

తమ్ముడూ, మడమ ముక్క మంచి ఆలోచనే. వెనక భాగాన్ని కిందికి తొక్కితే ముందు భాగం దానంతటదే పైకి లేస్తుంది. పాదం వంచక్కర్లేదు, కాలు మొత్తం ఎత్తి దించితే చాలు. బలం మోకాలి నుంచి వస్తుంది, చీలమండ మీద పడదు. మన వందసీసీ బళ్ళలో చాలావాటికి ఉన్నది అదేగా.

గాలిమర:
ఇంత రాద్ధాంతం ఎందుకు? బుల్లెట్‌కి న్యూట్రల్ లివర్ ఉందిగా. క్లచ్ పట్టుకుని మడమతో ఒక్క తొక్కు తొక్కితే ఏ గేర్లో ఉన్నా న్యూట్రల్‌కి వచ్చేస్తుంది.

పాతఇనుము:
ఏ గేర్లో ఉన్నా రాదు. ఫస్టులో ఉంటే రాదు. తెలియకుండా చెప్పకండి.

గాలిమర:
మా మావయ్య బండికి వచ్చేది.

పాతఇనుము:
మీ మావయ్య సెకండ్లో ఉండి ఫస్టు అనుకుని ఉంటారు. ఆ లివర్ నెట్టేది ఒకవైపే. టాపు, థర్డు, సెకండు, ఈ మూడింటి నుంచే న్యూట్రల్.

గాలిమర:
ఆయన పదిహేనేళ్ళు నడిపాడండీ.

పాతఇనుము:
పదిహేనేళ్ళు తప్పుగా నడిపారు.

ఎజ్డీఅక్క:
ఆ మావయ్య గారిని వదిలేద్దామా? అసలు విషయం ఏమిటంటే, టాపులోంచి ఆగడానికి మామూలుగా మూడుసార్లు లేపాలి. ఆ లివర్ వాడితే మడమతో ఒక తొక్కు, తర్వాత ఫస్టుకి ఒక్కసారి లేపడం. సిగ్నళ్ళ దగ్గర బాధ చాలా తగ్గుతుంది. బండి ఆగకుండా థర్డు నుంచి సెకండుకి దించాలంటే మాత్రం లేపక తప్పదు.

గ్రీజుచేతులు:
షాపు కట్టేసి వచ్చి చూస్తున్నా. రాడ్డు కోసే ముందు నాలుగు చూడండి. క్లచ్ పూర్తిగా విడుస్తోందా? విడవకపోతే గేరు గట్టిగా ఉంటుంది, కాలు నొప్పెట్టక ఏం చేస్తుంది. గేర్ బాక్సులో గ్రీజు గడ్డకట్టిందా? గేరు కవర్ లోపల రాట్చెట్ ప్లేటు ఉంటుంది, రెండు బోల్టులు వదులు చేసి జరపొచ్చు. అది పక్కకి పోతే ఒకవైపు గేరు తేలిగ్గా, ఇంకోవైపు మొండిగా పడుతుంది. ఆఖరుది, రాడ్డు పళ్ళ షాఫ్టు మీద బిగించి ఉంటుంది. బోల్టు తీసి ఒక పన్ను పైకో కిందికో పెట్టి చూడండి. మీ కాలికి ఏది పడితే అది. పైసా ఖర్చు లేదు.

ఒహాయోరైడర్:
ఒరిజినల్ అంటూ ఇంత పట్టింపు దేనికో నాకు అర్థం కాదు. అమెరికాలో 1975 మోడళ్ళకి గేరు ఎడమ పక్కే ఉండాలని రూలు వచ్చినప్పుడు నార్టన్ వాళ్ళు, ట్రయంఫ్ వాళ్ళు లోపలి నుంచి అడ్డంగా షాఫ్టు వేసి కుడి గేరుని ఎడమకి తెచ్చారు. కంపెనీ చేస్తే ఇంజనీరింగు, మనం చేస్తే పాపమా? ఎడమకే మార్చుకో తమ్ముడూ.

గ్రీజుచేతులు:
సార్, గేరు ఎడమకి వస్తే బ్రేకు కుడికి పోతుంది. నొప్పి కాలి కింద బ్రేకు పెడతారా? గేదె అడ్డమొచ్చినప్పుడు నొప్పికి కాలు వెనక్కి లాక్కుంటే?

ఒహాయోరైడర్:
అవును, అది ఆలోచించలేదు.

పాతఇనుము:
చూశారా, ఆలోచించకుండానే మార్చేయమంటారు. చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 52. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండి మారిస్తే నేరం.

ఎజ్డీఅక్క:
ఆర్సీలో రాసిన వివరాలకి భిన్నంగా మార్చకూడదని ఉంది. గేరు రాడ్డు ఎంత పొడుగో ఆర్సీలో రాస్తారా? అదే సెక్షన్ రెండో ఉపవిభాగం చదవండి. శారీరక లోపం ఉన్నవాళ్ళ కోసం మార్చిన బండికి చట్టంలోనే వేరే పేరుంది, అడాప్టెడ్ వెహికల్.

ఇది నాకెలా తెలుసు అనకండి. మా నాన్నకి పోలియో. ఎడమ కాలు సన్నం. స్కూటరుకి పక్క చక్రాలు వేయించుకున్నాడు. వీధిలో ఒక్కడూ "బాగా నడుపుతున్నావు" అనలేదు. "అయ్యో, స్కూటరు అందం పోయిందే" అన్నారు. మీ పోస్టు చదివితే నాకు ఆ వీధే వినిపించింది.

పాతఇనుము:
మీ నాన్నగారి విషయం వేరమ్మా. ఆయనకి వేరే దారి లేదు. ఇతనికి ఉంది. వేరే బండి కొనుక్కోవచ్చు. సెల్ఫ్ స్టార్టు, ఎడమ గేరు, ఏది కావాలంటే అది. 1973 బండ్లు మళ్ళీ తయారు కావు.

ఓరుగల్లు350:
పాతఇనుము అన్నా, నీకు యాదికుందో లేదో. మూడేండ్ల కింద ఇదే బండి ఫొటో చూసి, అమ్ముతవా అని నాకు మెసేజ్ పెట్టినవ్. మూడుసార్లు అడిగినవ్, నేను ఇయ్యనన్న. ఇప్పుడు వేరే బండి కొనుక్కో అంటున్నవ్. ఎవరి కోసం చెప్తున్నవ్?

కిక్కురాడ్డు:
😬

గాలిమర:
ఫస్టులోంచి కూడా వస్తుందని ఇంకో ఫ్రెండు కూడా చెప్పాడు, జస్ట్ చెబుతున్నా.

పాతఇనుము:
అడిగాను. కాదనను. నాకు 67. కుడి మోకాలు అరిగింది. ఇంజను బిగువు వదిలించే డీకంప్రెసర్ పట్టుకుని, కరెంటు చూపే అమ్మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కు మెల్లగా దించి, డీకంప్రెసర్ వదిలి అప్పుడు కొట్టాలని నాకు ఎవడూ నేర్పక్కర్లేదు. అయినా ఒకరోజు కిక్కు తిరగబడింది. మోకాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాను. ఆ నెలలోనే 1968 బండి అమ్మేశాను. నడపలేనివాడు నడపగలిగినవాడికి ఇచ్చేయాలి. నేను ఇచ్చాను. బండిని కోయలేదు. నువ్వు కాలికి తగ్గట్టు బండినే మార్చుకుంటానంటే నాకు మంట. ఉన్నమాట.

ఎజ్డీఅక్క:
మీ మోకాలు అరిగితే, మరి ఆయన బండి కొని ఏం చేద్దామనుకున్నారు?

పాతఇనుము:
తుడుచుకునేవాణ్ణి.

ఓరుగల్లు350:
మా నాయన ఆఖరి రెండేండ్లు కిక్కు కొట్టలేకపోతుండె. నేను స్టార్ట్ చేసి ఇస్తే ఎక్కి చౌరస్తా దాక పోయి వచ్చేటోడు. బండి ఆపితే మళ్లీ నేను పోవాలె. అందుకే చాయ్ కూడా ఇంజను బంద్ చెయ్యకుండ బండి మీదనే తాగేటోడు. ఎవరూ నాయనను ఇంక ఇచ్చేయి అనలే.

గ్రీజుచేతులు:
డూప్లికేటు రాడ్డు దొరుకుతుంది తమ్ముడూ. అది కొనుక్కో, దానికి ముక్క పెట్టించుకో. అసలుది గుడ్డలో చుట్టి పెట్టు. వెల్డింగ్ మాత్రం రాడ్డు బయటికి తీశాకే.

ఓరుగల్లు350:
(పన్నెండు రోజుల తర్వాత)
ముందు గ్రీజుచేతులన్న చెప్పినట్టు రాట్చెట్ ప్లేటు, క్లచ్ సెట్ చేయించిన. సగం గట్టితనం దాంతోనే పోయింది. రాడ్డు ఒక పన్ను పైకి జరిపితే పాదం సులువుగ పోతుంది గని లేపేటప్పుడు నొప్పి అట్లనే ఉంది. డూప్లికేటు రాడ్డు కొని మడమ ముక్క పెట్టించిన. మొదాలు కిక్కు రాడ్డుకు తగిలింది. బయటికి వంచి మళ్లీ అతికించినం. ఇప్పుడు తగుల్తలేదు గని, న్యూట్రల్ లివర్ మీద కాలు పడుతుంది ఒక్కోసారి. అలవాటు కావాలె. నిన్న కాజీపేట పోయొచ్చిన. రాత్రి కాలు వాయలే.

కిక్కురాడ్డు:
ఫొటో పెట్టు అన్నా.

ఓరుగల్లు350:
పెట్టిన, పైన చూడు.

పాతఇనుము:
వెల్డింగ్ పూస మొరటుగా ఉంది. గ్రైండింగ్ పట్టించి నల్ల రంగు వేయించు. ఆ అసలు రాడ్డు ఊరికే గుడ్డలో పడి ఉండేదేగా, అమ్ముతావా?

ఓరుగల్లు350:
అమ్మ.