హీత్రోలో 9 గంటల లేఓవర్: అమరావతి శిల్పాలు చూసి మళ్ళీ ఫ్లైట్ అందుకోవచ్చా?

ప్రశ్న

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాను. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) స్టాంపింగ్ అయిపోయింది. హైదరాబాద్ నుంచి వచ్చి లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో ఉదయం 10కి దిగుతాను, సాయంత్రం 7కి మళ్ళీ ఎక్కాలి. రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాళ్ళు ఉన్నాయట కదా, ఆ మధ్యలో వెళ్ళి చూసి రావచ్చా? బయటికి వెళ్ళడానికి యూకే వీసా కావాలా? దేశం దాటడం ఇదే మొదటిసారి.

జవాబులు (లండన్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి)

హౌన్స్‌లో నుంచి

వెళ్ళొచ్చు తమ్ముడూ. మ్యూజియం సంగతి తర్వాత, ముందు బార్డర్ సంగతి తేల్చుకో.

మామూలుగా ఇండియన్ పాస్‌పోర్టుతో ఎయిర్‌పోర్టు గడప దాటాలంటే యూకే వీసా ఉండాలి. దానికి ఒక మినహాయింపు ఉంది, వీసా లేని ట్రాన్సిట్ అంటారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఏదో ఒక దేశపు వీసా గడువులో ఉండాలి, నువ్వు ఆ దేశానికి పోతూ గానీ, అక్కడి నుంచి వస్తూ గానీ ఉండాలి. విమానంలో వచ్చి విమానంలోనే పోవాలి. దిగిన మర్నాడు అర్ధరాత్రి లోపల బయల్దేరే ఫ్లైట్‌కి కన్ఫర్మ్ టికెట్ ఉండాలి. నీకు ఇవన్నీ ఉన్నాయి. అయినా ఇది హక్కు కాదు, కౌంటర్‌లో ఆఫీసర్ ఇష్టం. కాదంటే వాదించకుండా కనెక్షన్స్ వైపు నడిచిపో, నీ ఫ్లైట్‌కి ఏ ఇబ్బందీ ఉండదు.

దిగాక ఊదారంగు బోర్డుల వెంట జనం బిలబిలా పోతుంటారు. అది ఫ్లైట్ కనెక్షన్స్. నువ్వు అటు పోకూడదు, అరైవల్స్ బోర్డు పట్టుకో. ఈ-గేట్లు మన పాస్‌పోర్టుకి తెరుచుకోవు, మనిషి ఉన్న కౌంటర్ క్యూలోనే నిలబడాలి. వీసా పేజీ తెరిచిన పాస్‌పోర్టు, రెండో ఫ్లైట్ బోర్డింగ్ పాస్, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్ కాయితం) చేతిలో సిద్ధంగా పెట్టుకో. ఫోన్‌లో పీడీఎఫ్ ఉందిలే అనుకోవద్దు, ప్రింట్ తెచ్చుకో. "బ్రిటిష్ మ్యూజియం చూసి, 7 గంటల ఫ్లైట్‌కి వెనక్కి వస్తాను" అని అడిగినంతవరకు చెప్పు, చాలు. ల్యాండింగ్ కార్డులు 2019లోనే ఎత్తేశారు. అది నింపడానికి పెన్ను దగ్గర పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే, వాళ్ళు ఈ దారిన వచ్చి చాలా ఏళ్ళయిందని అర్థం.

స్లవ్ నుంచి

పై అన్నగారు అంతా చెప్పారు గానీ, షెంగెన్ వీసా (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) ఉన్నా బయటికి వదుల్తారని కలపలేదు. జర్మనీ వెళ్ళే పిల్లలకి పనికొస్తుంది.

హౌన్స్‌లో నుంచి

కలపకపోవడానికి కారణం ఉంది. మామూలు షెంగెన్ టూరిస్టు వీసా, అంటే సి రకం, దీనికి చెల్లదు. జర్మనీ యూనివర్సిటీకి పోయే పిల్లలకి ఇచ్చే డి రకం నేషనల్ వీసా అయితే చెల్లుతుంది, అక్కడి రెసిడెన్స్ పర్మిట్ కూడా చెల్లుతుంది. సి, డి రెండూ పాస్‌పోర్టులో ఒకేలా కనిపిస్తాయి, రకం అన్న గడిలో అక్షరం చూసుకోవాలి. ఇలా సగం చెబితే ఎవరో నమ్మి వచ్చి కౌంటర్ దగ్గర ఇరుక్కుంటారు.

స్లవ్ నుంచి

సరే, సి రకం చెల్లదు, ఒప్పుకున్నాను. మరి హెచ్1 (అమెరికా ఉద్యోగ వీసా) వాళ్ళ సంగతీ చెప్పండి. పాస్‌పోర్టులో స్టాంప్ గడువు దాటిపోయి, ఐ-797 (వీసా హోదా ఆమోదించినట్టు అమెరికా ఇచ్చే) కాయితం మాత్రం చేతిలో ఉంటే కుదరదు. వాళ్ళు చూసేది గడువులో ఉన్న వీసానే. అమెరికా నుంచి ఇండియా వెళ్తూ మధ్యలో దిగేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది, ఆ వీసా మీద అమెరికాలో చివరిసారి అడుగుపెట్టి ఆరు నెలలు దాటకూడదు. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ బాధ లేదు.

పిల్లలకి అమెరికన్ పాస్‌పోర్టు ఉంటే, అమ్మానాన్నల వీసా చూసుకుని పిల్లల ఈటీఏ (యూకేకి ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) మర్చిపోతారు. 2025 జనవరి నుంచి అమెరికన్ పాస్‌పోర్టుతో బార్డర్ దాటాలంటే చంటిపిల్లలకైనా ఈటీఏ ఉండాలి. హీత్రోలో లోపలే ఉండి ఫ్లైట్ మారితే అక్కర్లేదు.

ఈస్ట్ హామ్ నుంచి

తమ్మీ, వీసా ముచ్చట అయింది కదా, ఇగ సామాను చూద్దాం. మంది ప్లాన్ చెడేది ఎక్కువగా ఈడనే.

హైదరాబాద్‌ల చెక్-ఇన్ కాడ సూట్‌కేసులకి కట్టే ట్యాగు చదువు. దాని మీద నువ్వు చివరికి దిగే అమెరికా ఎయిర్‌పోర్టు కోడ్ ఉండాలె. ఎల్‌హెచ్‌ఆర్ (హీత్రో కోడ్) అని మాత్రమే ఉంటే అక్కడనే ఆపి అడుగు. ఒక్క టికెట్ అయితే మామూలుగా చివరిదాక పోతయి. వేరువేరు టికెట్లు కొన్నోళ్ళ గతి చెప్త విను, తక్కువ రేటు చూసి చానామంది ఇదే చేస్తరు. హీత్రోల పెట్టెలు దిగుతయి. బార్డర్ దాటి, బెల్టు కాడ 40 నిమిషాలు నిలబడి, 23 కిలోలవి రెండు గుంజుకుంట బయటికి రావాలె. రెండో ఎయిర్‌లైన్ వేరే టెర్మినల్‌ల ఉంటది, చెక్-ఇన్ కౌంటర్ ఇంకా తెరవదు. లెఫ్ట్ లగేజీల (సామాను దాచే కౌంటర్‌ల) పెడితే ఒక్కో పెట్టెకి పైసలు కట్టాలె. గింత అయినంక మొదటి ఫ్లైట్ లేటయి రెండోది పోతే, ఎవలూ జవాబుదారీ కాదు, కొత్త టికెట్ మీరే కొనుక్కోవాలె. అట్లాంటోళ్ళకి 9 గంటలున్నా మ్యూజియం మాట వద్దనే చెప్త. నీది ఒక్క టికెట్, నీకు ఆ భయం లేదు.

నీ బాధ క్యాబిన్ బ్యాగు. బ్రిటిష్ మ్యూజియం లోపలికి 40 × 40 × 50 సెంటీమీటర్లు దాటిన బ్యాగు గానీ, 8 కిలోలు దాటింది గానీ రానియ్యరు. మనం పట్టుకొచ్చే చక్రాల బ్యాగు 55 సెంటీమీటర్ల పొడుగు ఉంటది. గేటు కాడికి పోయి ఆగిపోతవు, అక్కడి క్లోక్‌రూమ్ల కూడా అది పట్టదు. అందుకే దాన్ని ఎయిర్‌పోర్టుల అరైవల్స్ బయట ఉండే లెఫ్ట్ లగేజీల పెట్టి, వీపు బ్యాగుతోని పో. పాస్‌పోర్టు, ఐ-20, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ వీపు బ్యాగులనే ఉండాలె.

ఇగ దారి. ట్యూబుల (లండన్ మెట్రో రైలుల) పికడిల్లీ లైన్ ఎక్కితే మారే పని లేదు. హోబర్న్‌ల గానీ, రస్సెల్ స్క్వేర్‌ల గానీ దిగు, సుమారు గంట. అక్కడి నుంచి 7, 8 నిమిషాల నడక. ఎలిజబెత్ లైన్ అయితే టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌కి అర్ధగంట చిల్లర, నడక 10 నిమిషాలు, ఛార్జీ మాత్రం ట్యూబుకి రెండింతల పైన. హీత్రో ఎక్స్‌ప్రెస్ జోలికి పోకు, అది ప్యాడింగ్టన్ల దింపి మళ్ళ ఇంకో రైలు ఎక్కిస్తది.

కాంటాక్ట్‌లెస్ కార్డు గేటు మీద పెట్టి పోవుడే, టికెట్ కొననక్కర లేదు. ఇండియా కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ బ్యాంకు యాప్‌ల విడివిడిగా ఆన్ చెయ్యాలె. 2020 నుంచి కొత్త కార్డులు విదేశీ వాడకం ఆగిపోయే వస్తున్నయి. ఇంటి కాడ నుంచే చేసి రా, ఈడ ఓటీపీ రాకపోతే ఏం చేస్తవు? ఎక్కేటప్పుడు పెట్టిన కార్డే దిగేటప్పుడు పెట్టాలె. ఒకకాడ కార్డు, ఇంకోకాడ ఫోన్ పెడితే రెండు అసంపూర్తి ప్రయాణాలుగా లెక్కగట్టి రెండింటికీ గరిష్ఠ ఛార్జీ గుంజుతది.

రీడింగ్ నుంచి

ఈస్ట్ హామ్ అక్కగారు గంటసేపు ట్యూబులో కూర్చోమంటున్నారు. ఎలిజబెత్ లైన్ ఉండగా ఎందుకు? పోనూరానూ కలిపి 40, 50 నిమిషాలు మిగులుతాయి. 9 గంటల్లో 50 నిమిషాలంటే తక్కువా?

ఈస్ట్ హామ్ నుంచి

మొదటిసారి వచ్చే పిల్లగానికి మారకుండ పోయే రైలే మేలు. తిరిగొచ్చేటప్పుడు చూడుండ్రి, ఎలిజబెత్‌ల పడమటి దిక్కు రైళ్ళు హేస్ దాటినంక విడిపోతయి, కొన్ని మీ రీడింగ్‌కే వస్తయి. బోర్డు చదవకుండ ఎక్కితే మీ ఇంటికే చాయ్‌కి వస్తడు.

రీడింగ్ నుంచి

పికడిల్లీ మాత్రం విడిపోదా? యాక్టన్ టౌన్ దగ్గర సగం అక్స్‌బ్రిడ్జ్ వైపు పోతాయి. హీత్రో రైళ్ళలో కూడా కొన్ని టెర్మినల్ 4 వి, కొన్ని 5 వి. 4 కి పోయేది 5 కి పోదు. రైలు ముందు రాసింది చదవాల్సిందే, ఏ లైన్ అయినా. పొరపాటున ఎక్కేస్తే యాక్టన్ టౌన్లో దిగి ఎదురు ప్లాట్‌ఫాం మీద హీత్రో రైలు కోసం చూడు తమ్ముడూ, కంగారు పడకు.

అసలు నన్నడిగితే బ్రిటిష్ మ్యూజియం ఉన్న బ్లూమ్స్‌బరీ దాకా పోవడమే దూరం. సౌత్ కెన్సింగ్టన్ అదే పికడిల్లీ మీద ముందే వస్తుంది. స్టేషన్ నుంచి సొరంగంలో నడిస్తే వర్షంలో తడవకుండా మూడు మ్యూజియంలు: విక్టోరియా అండ్ ఆల్బర్ట్, సైన్స్, నేచురల్ హిస్టరీ. మూడింటికీ ప్రవేశం ఉచితం.

క్రాయిడన్ నుంచి

పిల్లవాడు అమరావతి చూడాలని అడిగితే డైనోసార్లు చూపిస్తారేమిటి రీడింగ్ గారూ?

బాబూ, నీకు కావలసింది 33ఏ గది. దక్షిణాసియా, చైనా ఉండే 33వ గదికి ఆనుకుని ఉంటుంది. గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు పెద్ద గుమ్మం దగ్గర బ్యాగుల తనిఖీకి బారులు తీరి ఉంటారు. భవనం వెనక మాంటెగ్యూ ప్లేస్ వైపు ఇంకో గుమ్మం ఉంది, సాధారణంగా అక్కడ జనం తక్కువ. 33వ గదికి దగ్గర దారి కూడా అదే. ప్రవేశం ఉచితమే, అయినా వెబ్‌సైట్‌లో టైమ్ టికెట్ తీసి పెట్టుకో. ఆ రోజు ఏ గదులు మూసి ఉంటాయో కూడా అక్కడే పెడతారు, బయల్దేరే ముందు రోజు తప్పక చూడు. రోజూ ఉదయం 10 నుంచి 5 వరకు, శుక్రవారం రాత్రి 8.30 వరకు తెరిచి ఉంటుంది. డిసెంబరు 24 నుంచి 26 వరకు మూసేస్తారు.

మ్యూజియం సేకరణలో దాదాపు 120 అమరావతి రాళ్ళున్నాయి. పాలరాయి అంటారు గానీ అది పల్నాటి సున్నపురాయి. అన్నీ చూడబోతే ఏదీ గుర్తుండదు. స్తూపం అండానికి (గుమ్మటానికి) కింద చుట్టూ తాపడం చేసిన పలకల్లో రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది, ముందు దాని దగ్గరికి వెళ్ళు. ఒక పక్క క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది. అక్కడ బుద్ధుడి రూపం కనబడదు, బోధివృక్షమూ ఖాళీ ఆసనమూ, చుట్టూ మొక్కేవాళ్ళూ ఉంటారు. దాదాపు 300 ఏళ్ళ తర్వాత అదే పలకను వెనక్కి తిప్పి, రెండో పక్క మొత్తం స్తూపాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద వరసగా ఐదు ఆయక స్తంభాలు, పైన అండం. అమరావతిలో ఇప్పుడు మనకి కనిపించేది దిబ్బ మాత్రమే, అది నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఈ పలకే చెబుతుంది. దీనికి 20 నిమిషాలివ్వు. తర్వాత ప్రాకార స్తంభాల మీది తామర పతకాలు చూడు. ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోవచ్చు. ఫొటోల్లో తరచూ కనిపించే నలగిరి ఏనుగు పతకం కోసం మాత్రం ఇక్కడ వెతకకు, అది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

స్లవ్ నుంచి

ఇవన్నీ మెకంజీ దొర ఎత్తుకొచ్చినవే కదా.

క్రాయిడన్ నుంచి

కాదండీ. కల్నల్ మెకంజీ 1816లో సర్వే చేయించి బొమ్మలు గీయించాడు. లండన్‌లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించినవి. అవి మద్రాసులో ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి పడి ఉండి, 1859లో ఓడ ఎక్కాయి. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. దొరల కంటే ముందే, 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె (స్తూపం దిబ్బ) ఇటుకలూ రాళ్ళూ ఇళ్ళకి పోయాయి, కొన్ని సున్నం బట్టీలకూ పోయాయి. ఆ మాట మాత్రం మనవాళ్ళెవరూ ఎత్తరు.

ప్రశ్న అడిగిన తమ్ముడు

అందరికీ చాలా థాంక్స్. బార్డర్ క్యూ పెద్దగా ఉంటే ఎంతసేపు చూసి మానుకోవాలి?

హౌన్స్‌లో నుంచి

వెనక నుంచి లెక్క వేసుకో. ఫ్లైట్ 7కి. సెక్యూరిటీ మళ్ళీ మొదటి నుంచీ ఉంటుంది. అమెరికా ఫ్లైట్లకి గేటు దగ్గర విడిగా పిలిచి బ్యాగు విప్పి చూడడం కూడా ఉంటుంది. టెర్మినల్ 5 అయితే బి, సి గేట్లకి లోపల ఇంకో చిన్న రైలు ఎక్కాలి. కాబట్టి 4కల్లా టెర్మినల్లో ఉండు. లెఫ్ట్ లగేజీలో బ్యాగు తీసుకోవడం ఆ 4 తర్వాత పెట్టుకోవద్దు, ముందే అయిపోవాలి. అంటే 2.30కి మ్యూజియం గుమ్మం దాటాలి. గంటన్నర చూడాలంటే 1కి లోపల ఉండాలి, దానికి 11.45కల్లా ట్యూబు ఎక్కాలి. 10కి దిగితే బార్డర్‌కీ బ్యాగు పెట్టడానికీ కలిపి గంటా ముప్పావు ఉంది. 12 దాటినా క్యూలోనే ఉంటే బయటికి వచ్చాక పికడిల్లీ వద్దు, రీడింగ్ గారి ఎలిజబెత్ ఎక్కు. 12.30 దాటితే మానెయ్.

రీడింగ్ నుంచి

చివరికి నా లైనే ఎక్కించారు.

ఈస్ట్ హామ్ నుంచి

ఎక్కించినం, లేటైతేనే. తమ్మీ, ఆ పొద్దుగాల ట్యూబు స్ట్రైక్ ఉందేమో, లైన్ మూసిన్రేమో టీఎఫ్‌ఎల్ (లండన్ రవాణా సంస్థ) సైట్‌ల చూడు. హీత్రోల ఫ్రీ వైఫై ఉంటది. దారి మ్యాపు అక్కడనే డౌన్‌లోడ్ చేసుకో, ఇండియా సిమ్ రోమింగ్ మీద నమ్మకం పెట్టుకుని రైలెక్కకు.