కారు వెనక ట్రెయిలర్ ఇల్లు, దాని వెనక బోటు: లాగొచ్చా, వద్దా?

పటమట ప్రయాణి
అందరికీ నమస్కారం. నా దగ్గర డీజిల్ ఎస్‌యూవీ ఉంది. దానికి తగిలించుకుని వెళ్లే చిన్న ట్రెయిలర్ ఇల్లు ఒకటి ఆటోనగర్‌లో కట్టించాను. ఒకటే ఇరుసు, రెండు చక్రాలు. మంచాలు, స్టవ్, సామాను అన్నీ పెట్టి కాటా వేస్తే 1,200 కిలోలు వచ్చింది. అందులో కారు హుక్కు మీద పడే బరువు 140 కిలోలు. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు 12 అడుగుల ఫైబర్ బోటు కొన్నాను. బోటు, మోటారు, దాన్ని మోసే చిన్న ట్రెయిలర్ అన్నీ కలిపి 320 కిలోలు. ట్రెయిలర్ ఇంటి వెనక ఇంకో హుక్కు వేయించి బోటు కూడా ఒకేసారి లాక్కుపోదామని నా ఆలోచన. మంగళగిరి, తెనాలి, రేపల్లె మీదుగా నిజాంపట్నం వెళ్లాలి, అక్కడ మా బావగారి ఊరు. టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది అక్కడ ఇలా లాగేవాళ్లను చూశానని వీడియో పంపాడు. మా ఆవిడ మాత్రం ఆ బండి తోక కట్టుకుంటే నేను బస్సులో వస్తాను అంటోంది. మీరేమంటారు?

వెల్డింగ్ బాబాయ్
ఏం పర్లేదు తమ్ముడూ. 320 కిలోలు ఒక లెక్కా? చాసీ ఛానల్ బాగుంటే వెనక అడ్డంగా ఇంకో ఛానల్ వేసి, మూలలకు గస్సెట్లు, అంటే మూడు మూలల రేకు ముక్కలు పెట్టి వెల్డింగ్ కొడితే హుక్కు ఊడమన్నా ఊడదు. మా ఏరియాలో లారీ బాడీలు కట్టే చేతులకి ఇది పూట పని. 50 దాటకుండా నడుపుకో, చాలు.

ఎన్‌హెచ్ 16 డ్రైవర్
బాబాయ్, హుక్కు ఊడుతుందని ఎవరు భయపడుతున్నారు? అద్దంలో చివరి బండి కనపడదు, అదీ భయం. ట్రెయిలర్ ఇల్లు గోడలా అడ్డం ఉంటుంది. బోటు టైరు పంక్చరయితే వెనక వచ్చేవాడు హారన్ కొట్టి చెప్పేదాకా తెలియదు. కాజ టోల్ దగ్గర తప్పు లైన్లోకి వెళ్లావనుకో, రివర్స్ ఎలా తీస్తావ్? ఒక ట్రెయిలర్‌ని రివర్స్ చేయడమే అందరికీ రాదు. రెండు కట్టాక స్టీరింగ్ ఎటు తిప్పితే ఏది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. కిందికి దిగి బోటు విప్పి, చేత్తో తోసుకోవాల్సిందే.

పొన్నూరు ట్రాక్టరు
చెరకు సీజన్లో కర్ణాటక, మహారాష్ట్ర వైపు వెళ్లి చూడండి. ఒక్కో ట్రాక్టర్ వెనక రెండేసి ట్రక్కులు, నిండా చెరకు. ఇన్నేళ్లుగా లాగుతున్నారు. 320 కిలోల బోటుకి ఇంత టెన్షన్ ఎందుకో నాకర్థం కావట్లేదు.

తెనాలి లెక్కల మాస్టారు
పొన్నూరు గారూ, మీ మాట కొట్టిపారేసేది కాదు. కానీ ఆ ట్రాక్టర్ 20, 25 స్పీడులో పోతుంది. పైగా ఆ ట్రక్కులు చాలావరకు నాలుగు చక్రాలవి. ముందు ఇరుసు టర్న్‌టేబుల్ అనే గుండ్రటి తిరుగుడు చట్రం మీద తిరుగుతుంది, సరుకు బరువంతా ట్రక్కు చక్రాలే మోస్తాయి, ముందు బండి మీద వాలదు. పటమట గారిది రెండు చక్రాల బండి. ఇరుసుకి ముందెంత, వెనకెంత అన్నదాని మీదే అది నిలబడుతుంది.

ఎద్దుల బండికి గడ్డి వేసేటప్పుడు వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ కింద తాడు బిగుసుకుంటుంది కదా. ఇక్కడ ఎద్దుల స్థానంలో కారు ఉంది, అంతే. అమెరికాలో ఇలాంటి ట్రెయిలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు హుక్కు మీద ఉండాలంటారు. పటమట గారిది 1,200లో 140, అంటే సుమారు 12 శాతం. మంచిదే.

ఇప్పుడు బోటు కట్టండి. దాని ముందు కొన 60 కిలోలు ట్రెయిలర్ ఇంటి వెనక హుక్కు మీద వాలిందనుకుందాం. ఇరుసు నుంచి ముందు హుక్కుకి మూడున్నర మీటర్లు, వెనక హుక్కుకి రెండున్నర మీటర్లు అనుకోండి. 60ని 2.5తో హెచ్చించి 3.5తో భాగిస్తే 43. ఆ 43 కిలోలు ముందు హుక్కు మీంచి లేచిపోతాయి. 140 కాస్తా 97 అవుతుంది, అంటే 8 శాతం. అలా తగ్గేకొద్దీ తోక ఊగే ప్రమాదం పెరుగుతుంది. పటమట గారూ, ఒక సందేహం. మీ నీళ్ల ట్యాంకు ఎక్కడుంది? కాటా వేసినప్పుడు నిండుగా ఉందా?

పటమట ప్రయాణి
వెనక, బాత్రూం కింద మాస్టారూ. 100 లీటర్లు. కాటా వేసినప్పుడు ఖాళీ.

తెనాలి లెక్కల మాస్టారు
ఇరుసుకి ఎంత వెనక? ఒక మీటరు, మీటరున్నర మధ్య అనుకుంటా. 1.2 వేసుకుందాం. నింపితే 100 కిలోలు, ముందు నుంచి ఇంకో 34 పోతాయి. మిగిలేది 63. మొత్తం బరువు 1,300 అయింది కాబట్టి ఐదు శాతం కూడా లేదు. మంగళగిరి దాటాక ఖాళీ రోడ్డు చూసి 70 మీద వెళ్తుంటే ఆర్టీసీ సూపర్ లగ్జరీ పక్కనుంచి దూసుకెళ్తుంది. ముందు దాని గాలి నెడుతుంది, దాటిపోయేటప్పుడు లాగుతుంది. ఆ ఊపుకి ట్రెయిలర్ తోక ఒకసారి అటు, ఒకసారి ఇటు. తక్కువ స్పీడులో అయితే దానంతట అదే సర్దుకుంటుంది. ఒక హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది.

వెల్డింగ్ బాబాయ్
ఇంత లెక్క ఎందుకు మాస్టారూ! ట్యాంకు విప్పి ముందుకు మారుస్తా. గ్యాస్ సిలిండరు, బ్యాటరీ, టూల్ బాక్స్ అన్నీ ముందుకే. మళ్లీ 140 తెప్పిస్తా. అప్పుడు?

తెనాలి లెక్కల మాస్టారు
ట్యాంకు ముందుకు మార్చడం చాలా మంచి పని, బోటు ఉన్నా లేకపోయినా చేయించండి. కానీ బాబాయ్ గారూ, మొగ్గు సర్దొచ్చు గానీ పక్కకి లాగే బలాన్ని సర్దలేం. బోటు ఏ కాస్త ఊగినా, ఇరుసుకి రెండున్నర మీటర్ల వెనక పట్టుకుని ట్రెయిలర్ ఇంటిని తిప్పుతుంది. ట్రెయిలర్ ఇల్లు తిరిగితే దాని ముందు కొన కారు వెనక భాగాన్ని పక్కకి నెడుతుంది, ఎందుకంటే మన హుక్కు కారు వెనక ఇరుసుకి ఇంకా మీటరు దాకా వెనకుంటుంది.

బోటు ముందు బరువు తగ్గిద్దామా అంటే అదీ కుదరదు. ముందు బరువు తగ్గించి మోటారు వైపు వదిలితే బోటే ఊగుతుంది. ఎక్కువ పెడితే ట్రెయిలర్ ఇంటి మొగ్గు చెడుతుంది. ఒక్క బండే అయితే ఈ చిక్కు రాదు.

ఆస్టిన్‌లో గుంటూరోడు
టెక్సాస్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మీ బావమరిది చూసింది నిజమే, ఇక్కడ రెండు ట్రెయిలర్లు లాగేవాళ్లు ఉన్నారు. కానీ వీడియోలో కారుని కాదు, మధ్య బండిని జాగ్రత్తగా చూడండి. ఎక్కువగా అది ఫిఫ్త్ వీల్ రకం. దాని ముందు భాగం పికప్ తొట్టిలోకి వచ్చి, దాదాపు వెనక ఇరుసు పైన కూర్చుంటుంది. మాస్టారు చెప్పిన ఆ వెనక మీటరు దూరం అక్కడ ఉండదు. అందుకే బండి తోకని అంతగా పక్కకి నెట్టడం దానివల్ల కాదు. మిన్నెసోటాలో అయితే మధ్యలో ఫిఫ్త్ వీల్ రకం ఉంటేనే రెండోది కట్టనిస్తారు. మిచిగాన్‌లో దీనికి లైసెన్సు మీద ఆర్ అని విడిగా వేయించుకోవాలి, పరీక్ష ఉంటుంది. కాలిఫోర్నియాలో మామూలు కారు లైసెన్సుతో రెండు బండ్లు లాగడమే కుదరదు.

బాబాయ్ గారికి ఇంకో మాట. ఇక్కడ ట్రెయిలర్ ఇళ్లకు వెనక నాలుగంగుళాల చదరపు బంపరు ఉంటుంది. అది పలుచటి రేకు, మురుగునీటి గొట్టం దాచుకోవడానికి పెట్టింది. దానికి హుక్కు తగిలించి, రోడ్డు మధ్యలో బంపరుతో సహా వదిలేసుకున్నవాళ్ల కథలు ఇక్కడ ఎన్నో. అది మీ ఛానల్ పనితో పోల్చేది కాదని తెలుసు, అయినా చెప్పాలనిపించింది.

వెల్డింగ్ బాబాయ్
బంపరుకి హుక్కు వేసేవాడు మేస్త్రీనే కాదు బాబూ.

చట్టం ముఖ్యం
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రెయిలర్ కూడా వాహనమే. బోటు మోసే ఆ చిన్న ట్రెయిలర్‌కి కూడా రిజిస్ట్రేషన్, వెనక నంబరు, లైట్లు ఉండాలి. సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కాబట్టి హుక్కు వేయించే ముందే అడగాలి. సెక్షన్ 113 బరువు గురించి. దాన్ని మీరితే 2019 సవరణ తర్వాత సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. రెండు ట్రెయిలర్లు ఒక కారు వెనక కడతానని ఆర్టీవో ఆఫీసులో కాగితం పెట్టి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. కౌంటర్ దగ్గర ఎవరో తలూపారని వచ్చేయకండి. ఇన్సూరెన్సులో కూడా ఏ ట్రెయిలర్‌కి ఆ ట్రెయిలర్‌ని రాయించాలి. లేకపోతే ఎదుటివాడికి దెబ్బ తగిలినప్పుడు డబ్బు మీ జేబులోంచే.

పొన్నూరు ట్రాక్టరు
మాస్టారు చెప్పిన కాడి మాటతో నాకు విషయం తలకెక్కింది. 320 కిలోలకి టెన్షన్ ఎందుకన్నట్టు మాట్లాడాను గానీ, ఆ రూటు కూడా చూడాలి. తెనాలి దాటాక చాలాచోట్ల ఒక పక్క కాలువ, ఒక పక్క పొలం. రోడ్డు మార్జిన్ మెత్తగా ఉంటుంది. ఎదురుగా వరికోత మిషనో, గడ్డి ట్రాక్టరో వస్తే ఎడమ చక్రం మట్టిలోకి దించాల్సిందే. కారు దిగుతుంది, ట్రెయిలర్ ఇల్లు దిగుతుంది, మూడోది ఎక్కడ దిగుతుందో చూసుకునేవాడు లేడు. పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి, అవి ఇంజనీరు వేసినవి కావు, ఊరివాళ్లు వేసుకున్నవి. కారు దిగేసరికి ట్రెయిలర్ ఎక్కుతుంది, ట్రెయిలర్ దిగేసరికి బోటు ఎక్కుతుంది. వెనక హుక్కు అప్పుడు పైకి కిందికి ఎంత కొట్టుకుంటుందో!

ఎన్‌హెచ్ 16 డ్రైవర్
బ్రేకుల గురించి కూడా. బోటు ట్రెయిలర్‌కి బ్రేకులున్నాయా? ఇలాంటి చిన్నవాటికి చాలావరకు ఉండవు. మలుపులో బ్రేకు వేస్తే వెనకున్న 320 కిలోలు ట్రెయిలర్ ఇంటి తోకని పక్కకి తోస్తాయి. ఇంకోటి, నీళ్లలోకి దించే ట్రెయిలర్‌కి బేరింగులు తొందరగా పోతాయి. ఉప్పునీళ్లయితే మరీ. నిజాంపట్నంలో దించి తీశాక గ్రీజు చూడకుండా బయల్దేరితే తెనాలి చేరేలోపు హబ్బు కాలుతుంది. ఆ వాసన కూడా నీకు రాదు, అంత వెనకుంటుంది.

పటమట ప్రయాణి
ఇంతమంది ఒకే మాట అంటుంటే ఏం చేయను? సరే, ఒకటే ట్రెయిలర్ లాగుతూ వెళ్లినా తోక ఊగితే ఏం చేయాలో అది చెప్పండి. ఇంట్లో అడుగుతారు.

తెనాలి లెక్కల మాస్టారు
కాలు మెల్లగా యాక్సిలరేటర్ మీంచి తీయండి. స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, ఊపుకి ఎదురు తిప్పకండి. మనిషి చేయి ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యం, ఎదురు తిప్పితే ఊపు పెరుగుతుంది. కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. ట్రెయిలర్‌కి విడిగా చేత్తో నొక్కే బ్రేకు ఉంటే అది మాత్రం నొక్కండి, ట్రెయిలర్ వెనక్కి లాగబడి నిటారవుతుంది. స్పీడు పెంచితే సర్దుకుంటుందని కొందరు చెప్తారు, నమ్మకండి. ఆగాక సామాను ముందుకు జరిపి బయల్దేరండి.

ఆస్టిన్‌లో గుంటూరోడు
గాలి కొట్టుకునే బోటు ఎందుకు కొనలేదండీ? మూడు మీటర్లది 50 కిలోల లోపే ఉంటుంది. మడతపెట్టి ట్రెయిలర్ ఇంట్లో ఇరుసు మీద పెట్టేస్తే ఈ గొడవే లేదు.

పటమట ప్రయాణి
కొనేశాక చెప్తే ఎలా అన్నా!

పొన్నూరు ట్రాక్టరు
బోటుని బావగారి ఊళ్లోనే ఉంచండి. నిజాంపట్నంలో బోట్లకి కాపలా ఉండే మనుషులు దొరుకుతారు. మోటారు మాత్రం విప్పి మీ వెంట తెచ్చుకోండి. ముందు ఒక్కసారికి 407 మాట్లాడి బోటు పంపేయండి. దింపడానికి అక్కడ నలుగురు చాలు.

పటమట ప్రయాణి
ఇది బాగుంది. బావగారికి ఫోన్ చేస్తే, పంపు గానీ ముందు నేను నాలుగు రోజులు వాడుకుంటా అన్నాడు. హుక్కు పని ఆపమని చెప్పాను. ట్యాంకు మాత్రం ముందుకు మార్పిస్తున్నా.

వెల్డింగ్ బాబాయ్
మీరందరూ కలిసి పిల్లాణ్ణి భయపెట్టేశారు. ఆదివారం బండి, బోటు రెండూ తీసుకురా తమ్ముడూ. ఖాళీ గ్రౌండులో 20 స్పీడులో లాగి చూపిస్తా, ఏదన్నా ఊగితే నా షాపు మూసేస్తా.

తెనాలి లెక్కల మాస్టారు
20 స్పీడులో ఏదీ ఊగదు బాబాయ్ గారూ, మీ షాపుకి ఢోకా లేదు. ఆ ఊపు ఎక్కువగా స్పీడు పెరిగాక వచ్చేది, ఏ గ్రౌండులోనూ కనపడదు. ఆదివారం నేనూ వస్తాను. ట్యాంకు మార్చాక మళ్లీ కాటా వేసి ముందు హుక్కు మీద ఎంతుందో చూద్దాం. ఈసారి ట్యాంకు నిండుగా పెట్టి ఒకసారి, ఖాళీగా ఒకసారి.

వెల్డింగ్ బాబాయ్
రండి. కాటా డబ్బులు మాత్రం తమ్ముడివే.