ఖోండలైట్ అంటే రాయి పేరా, మ్యాపు మీద పేరా?

అడిగినవారు: సాగరతీరం

విశాఖలో ఐదంతస్తుల భవనం కోసం చేయించిన మట్టి పరీక్ష రిపోర్టులో 6 మీటర్ల నుంచి "వెదర్డ్ ఖోండలైట్" అని రాశారు. అదే బోరులో 9 మీటర్ల దగ్గర "గార్నెట్ సిల్లిమనైట్ నైస్" అని ఉంది. ఇవి రెండు వేరువేరు రాళ్లా? కొన్నిచోట్ల "కొండలైట్" అని కూడా చూశాను, కొండరాయి అని అర్థమా? 6 మీటర్ల దగ్గర ఎస్‌పీటీ (సుత్తి దెబ్బలతో నేల గట్టిదనం చూసే పరీక్ష) రెఫ్యూజల్ వచ్చింది, అంటే ఇక దిగలేదు కాబట్టి పునాది అక్కడే ఆపొచ్చని కాంట్రాక్టరు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: పలుగురాయి

రెండూ ఒకే రాయి అండి. నైస్ అనేది రాయి కట్టును చెప్పే మాట. ఖనిజాలు లేత, ముదురు చారలుగా విడిపోయిన రూపాంతర శిల ఏదైనా నైసే. ఖోండలైట్ అన్నప్పుడు అందులో ఏ ఖనిజాలున్నాయో కూడా చెప్పినట్టు: పలుగు, గార్నెట్, సిల్లిమనైట్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, చాలాచోట్ల గ్రాఫైట్ రేకులు.

ఈ పేరు పెట్టింది టి.ఎల్.వాకర్. 1902లో ఇప్పటి ఒడిశాలోని కలహండి సంస్థానపు భూవిజ్ఞానం గురించి రాస్తూ, అక్కడి కొండల్లో ఉండే ఖోండు తెగ పేరు మీద పెట్టాడు. అందుకని "ఖో" తోనే రాయాలి. మన "కొండ"కీ ఆ తెగ పేరుకీ చుట్టరికం ఉందనే పండితులున్నారు గానీ, రాయి పేరు మాత్రం తెగ నుంచే వచ్చింది.

ఇది ఒకప్పుడు బంకమట్టి. లోతుకు దిగి 800 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిలో ఉడికింది. బంకమట్టిలో అల్యూమినియం ఎక్కువ కాబట్టే సిల్లిమనైట్, గార్నెట్ పుట్టాయి. మట్టితో పాటు కూరుకున్న సేంద్రియ పదార్థంలోని కార్బనే గ్రాఫైట్ అయింది.

తాజాగా పగలగొట్టిన ముక్కను పది రెట్ల లెన్సు కింద పెట్టి చూడండి. రేగుపండు రంగు గుండ్రటి గింజలు గార్నెట్. తెల్లటి పీచులా, ఒకే వైపుకు దువ్వినట్టు కనిపించేది సిల్లిమనైట్. చాకుతో గీస్తే ఈ రెండింటి మీదా గీత పడదు. నల్ల రేకులుంటే వేలితో రుద్దండి: వేలు బూడిదరంగైతే గ్రాఫైట్, కాకపోతే నల్ల అభ్రకం. పక్కనే దొరికే చార్నొకైట్‌తో పొరబడొద్దు. అది ఆకుపచ్చ ఛాయ ఉన్న ముదురు బూడిదరంగులో, జిడ్డు పూసినట్టు మెరుస్తుంది, అందులో సిల్లిమనైట్ ఉండదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మ్యాపుల మీద "ఖోండలైట్ గ్రూప్" అని రాస్తే దానికి తోడుగా ఉండే క్వార్ట్‌జైట్, సున్నపు పాలున్న గ్రాన్యులైట్, పాలరాయి కూడా అందులోకే వస్తాయి. మ్యాపు చూసి రిపోర్టులో ఆ మాట దించేశారా, కోర్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీ) చూసి రాశారా అన్నది తప్పకుండా అడగండి.

జవాబు: కోర్‌బాక్స్

పేరు సంగతి పైన వివరంగా చెప్పారు. పునాది విషయంలో మాత్రం "ఖోండలైట్" అన్న మాటకు విలువ లేదు, అది ఎంత శిథిలమైందో చెప్పాలి. తాజా రాయి డబ్ల్యూ1, పూర్తిగా మట్టయింది డబ్ల్యూ6. డబ్ల్యూ3కీ డబ్ల్యూ5కీ మధ్య తేడా రాయికీ మట్టికీ ఉన్నంత. ఉత్త "వెదర్డ్" అని రాసిన రిపోర్టును వెనక్కి పంపండి.

ఈ రాయి సమానంగా చివకదు. ఫెల్డ్‌స్పార్ తెల్లటి కేయోలిన్ బంకగా మారుతుంది. గార్నెట్ తుప్పుపట్టి ఎర్రటి మచ్చలు, గుంటలు మిగులుస్తుంది. పలుగు పట్టీలు మాత్రం గట్టిగానే ఉంటాయి. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల నుంచి పడి, 50 దెబ్బలకు కూడా 15 సెంటీమీటర్లు దిగకపోతే రెఫ్యూజల్ అంటారు. 20 సెంటీమీటర్ల పలుగు పట్టీ మీద కూడా అదే ఫలితం వస్తుంది, దాని కింద మీటరు మందాన బంక ఉండొచ్చు. ఒక్క ఎస్‌పీటీతో పునాది లోతు తేల్చడం తప్పు.

రెఫ్యూజల్ తగిలిన చోటి నుంచి కనీసం 3 మీటర్లు, రెండు గొట్టాల కోర్ బ్యారెల్‌తో ఆపకుండా కోర్ తీయించండి. ఒంటి గొట్టమైతే నీళ్ల ధారకు కేయోలిన్ కొట్టుకుపోతుంది, పెట్టెలో గట్టి ముక్కలే మిగిలి రాయి బాగున్నట్టు కనిపిస్తుంది. తిరిగొచ్చే నీటి రంగు లోతువారీగా రాయించండి. పాలలా తెల్లగా వస్తే అక్కడ బంక ఉన్నట్టే.

పునాది కోసం కొండవాలు కోస్తుంటే చారల వాలు ఎటుందో కూడా కొలవాలి. చారలు కోత వైపుకే వాలి, మధ్యలో గ్రాఫైట్ గానీ కేయోలిన్ గానీ పట్టి ఉంటే, మొదటి పెద్ద వానకే పలకలు జారతాయి.

సాగరతీరం

కోర్ వివరాలు ఇప్పుడు చూశాను. 6 నుంచి 7.5 మీటర్ల వరకు రికవరీ (తవ్విన పొడవులో చేతికొచ్చిన కోర్) 42 శాతం, ఆర్‌క్యూడీ (10 సెంటీమీటర్లకు తగ్గని ముక్కల వాటా) సున్నా. నీటి రంగు రాయలేదు. అదే స్థలంలో నీళ్ల బోరు కోసం రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి అది ఎంత అడ్డుకుంటుందో కొలవడం) కూడా చేశారు, "తక్కువ రెసిస్టెన్స్, నీరు ఉంది" అన్నారు.

జవాబు: కోర్‌బాక్స్

150 సెంటీమీటర్ల రన్‌లో (ఒక విడత కోర్ తీతలో) 63 సెంటీమీటర్లే వచ్చాయి, 10 సెంటీమీటర్ల ముక్క ఒక్కటీ లేదు. మిగిలిన 87 సెంటీమీటర్లు ఏమయ్యాయో చెప్పేదాకా దాన్ని రాయి కింద లెక్కవేయొద్దు. 9 మీటర్ల దగ్గరి కోర్ చూసి అక్కడ ఆపాలా, ఇంకా దిగాలా అని ఇంజినీరు తేల్చాలి. కంప్రెషన్ పరీక్షకు (నొక్కి బలం చూడటానికి) పంపే ప్రతి ముక్క మీదా చారల కోణం రాయించండి. బలం పడే దిశకు చారలు 30 డిగ్రీల ప్రాంతంలో ఉంటే బలం బాగా తగ్గుతుంది, నిలువు ముక్కల ఫలితం ఒక్కటే చూస్తే మోసపోతాం.

జవాబు: పలుగురాయి

నీళ్ల బోరు సంగతి: ఖోండలైట్‌లో తక్కువ రెసిస్టెన్స్ అంటే నీరే అనుకోకూడదు. గ్రాఫైట్ కరెంటును బాగా మోస్తుంది, తడి బంక కూడా అంతే. బంకలో నీరున్నా అది బోరులోకి ఊరదు. శిథిలమైన పొరకూ గట్టి రాయికీ మధ్య పగుళ్లున్న పట్టీ ఎక్కడుందో మీ కోర్ పెట్టెలే చెబుతాయి, సర్వే గ్రాఫును వాటి పక్కన పెట్టి చూడకుండా రిగ్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి.