అప్‌డేట్: అడవిదున్న పుస్తకం దొరికింది

మా ఆరేళ్ల పాపకు అడవిదున్న బొమ్మల పుస్తకం హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందని పోయిన నెల అడిగాను కదా. చెప్పినవాళ్లందరికీ థాంక్స్.

చిక్కంతా పేరు దగ్గరే. ‘బైసన్’ అని వెతికితే అన్నీ అమెరికావే, మెడ నిండా జూలుతో. మన అడవిదున్న ఇంగ్లీషులో గౌర్: నల్లటి నున్నటి ఒళ్లు, మోకాళ్ల కింద తెల్లగా మేజోళ్లు తొడిగినట్టు. ‘గౌర్ అని అడగండి’ అన్న సలహాయే పనిచేసింది. అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం దొరికింది. ఇంగ్లీషుదే, తెలుగులో చెప్తూ చదువుతున్నా. మిగతా జంతువుల కథలకు తార్నాకలో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ ఉంది, ఉచితంగా కావాలంటే స్టోరీవీవర్ వెబ్‌సైట్.

పాప వయసుకు తగ్గది చూసి కొనమని కొందరన్నారు, ఆ లెక్క మాకు అవసరం పడలేదు. పాప ఆ కాళ్ల మీద వేలు పెట్టి ‘సాక్సులు’ అంటోంది.