అప్‌డేట్: జర్మనీలో కోర్సుకి జీతంతో సెలవు దొరికింది

క్లౌడ్ కోర్సుకి వెళ్లాలంటే సొంత సెలవులు వాడుకోమని మా డ్యూసెల్‌డార్ఫ్ ఆఫీసులో అన్నారు, ఏం చేయాలని అడిగాను కదా. జీతంతోనే సెలవు మంజూరైంది. "బిల్డుంగ్స్‌ఉర్లౌబ్ (కోర్సుల కోసం చట్టప్రకారం జీతంతో ఇచ్చే సెలవు) అడుగు" అన్న అన్నయ్యకి, మిగతావాళ్లకి థాంక్స్.

మా ఆఫీసు ఉద్యోగుల కౌన్సిల్‌లో ఉండే ఆవిడ తేల్చి చెప్పారు: నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో (మా డ్యూసెల్‌డార్ఫ్ ఉన్న రాష్ట్రం) ఉద్యోగంలో చేరి 6 నెలలు దాటితే ఏడాదికి 5 రోజులు మన హక్కు. కనీసం 6 వారాల ముందు రాతపూర్వకంగా ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, కోర్సు నడిపే సంస్థకి ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. నేను చూసిన ఆన్‌లైన్ కోర్సుకి అదే లేదు. గుర్తింపు ఉన్నదానికి మారాక, ఆ సర్టిఫికెట్ జత చేసి ఇస్తే మేనేజర్ కిక్కురుమనలేదు.

బ్లూ కార్డు (ఇక్కడ ఉద్యోగం చేసే విదేశీ నిపుణులకిచ్చే పర్మిట్) గురించి పడ్డ టెన్షన్ అంతా దండగ, వీసాతో సంబంధమే లేదు. ఫీజు మాత్రం మన జేబులోంచే. బవేరియా రాష్ట్రంలో పనిచేసేవాళ్లకి ఈ చట్టమే లేదు, పాపం.