వీధికి ఫైర్‌మన్ పేరు పెట్టించాలంటే కర్నూలు కార్పొరేషన్‌లో ఫైలు ఎట్ల కదిలించాలి?

హంద్రీ ఒడ్డు:
మా కాలనీలో ఉండిన రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మన్ ఒకాయన ఈమధ్య కాలం చేసినారు. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర కలిసి ఊరిని ముంచినప్పుడు మిద్దెల మీద చిక్కుకున్నోళ్లను దించిన సిబ్బందిలో ఆయనొకరు. రిటైరైనాక కూడా సిలిండర్ అంటుకుంటే ఏం చేయాలో బడులకు పోయి చూపించేవారు. మా వీధికి '3వ క్రాస్' తప్ప వేరే పేరు లేదు. ఆయన పేరు పెట్టాలని అందరికీ ఉంది. కొందరు ఆర్చి అంటున్నారు, కొందరు విగ్రహమే కావాలంటున్నారు. అర్జీ ఎవరికివ్వాల, ఏమేం జతచేయాల? ఫైర్ వారోత్సవాలు మొదలయ్యే ఏప్రిల్ 14కు బోర్డు పడుతుందా?

పాత అజెండా:
విగ్రహం మాట వదిలేయండన్నా. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు, కట్టడాలకు ఇకమీదట అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఆర్చి కూడా కట్టడమే. అర్జీలో ఆ రెండు మాటలు కనపడితే పేరు ఫైలు కూడా వాటితోపాటే పక్కన పడిపోతుంది. పేరు, బోర్డు, అంతవరకే అడగండి.

మొదట తేల్చుకోవాల్సింది రోడ్డు ఎవరిదని. కార్పొరేషన్ రోడ్డయితే కౌన్సిల్ తీర్మానంతో పని జరుగుతుంది. ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ) రోడ్డయితే వాళ్ల దగ్గర నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాల. వార్డు సచివాలయంలో అమెనిటీస్ కార్యదర్శిని అడిగితే ఇది తెలుస్తుంది. తర్వాత, ఆ వీధికి ఎప్పుడో ఒక పేరు తీర్మానమైందేమో చూడండి. బోర్డు లేనంత మాత్రాన పేరు లేదని కాదు. ఒకరి పేరు తీసి ఇంకొకరిది పెట్టాలంటే గొడవే.

అర్జీ కమిషనర్ పేరు మీద రాయండి. వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డోర్ నంబర్లతో చెప్పి, చేత్తో గీసిన పటమైనా సరే జతచేయండి. 'మా వీధి' అని ఊరుకుంటే టౌన్ ప్లానింగ్ వాళ్లు వెనక్కి పంపుతారు. మరణ ధ్రువపత్రం, కుటుంబసభ్యుల అంగీకార లేఖ, ఇంటింటి సంతకాలు పెట్టండి. రసీదు నంబరు తీసుకోవడం మరవొద్దు. కార్పొరేటర్‌తో ప్రతిపాదన పెట్టించి అజెండాలో చేర్పించాల. పాలకవర్గం లేని రోజుల్లోనైతే ఆ అధికారం ప్రత్యేకాధికారిది. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లు ఫైలు కదలదు.

'కౌన్సిల్‌లో ఒప్పుకున్నారంట' అన్న మాట నమ్మి బోర్డుకు ఆర్డరివ్వొద్దు. తీర్మానం నంబరు, తేదీ ఉన్న నకలు చేతికి రావాల. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి.

హంద్రీ ఒడ్డు:
చాలా సంతోషం సార్. సంతకాల దగ్గరే చిక్కొచ్చింది. పేరు మారితే ఆధార్, ఇంటిపన్ను అన్నీ మార్చుకోవాలేమోనని ఇద్దరు ముగ్గురు భయపడుతున్నారు.

పాత అజెండా:
అభ్యంతరాలు సగం ఈ భయంతోనే వస్తాయి. డోర్ నంబరు, పిన్‌కోడ్ మారవు. పన్ను అసెస్‌మెంట్ నంబరు (ఇంటికిచ్చిన పన్ను నంబరు) మీద నడుస్తుంది. పాత దస్తావేజు పాతదిగానే చెల్లుతుంది. 'వీధి పేరు మాత్రమే, డోర్ నంబర్లలో మార్పు కోరడం లేదు' అని అర్జీలోనే ఒక వాక్యం రాసి, అది చూపించి సంతకం అడగండి.

డ్యూటీ 101:
సేవ చేసినారని మీరు రాస్తే పొగడ్త, శాఖ రాస్తే ఆధారం. జిల్లా ఫైర్ ఆఫీసర్‌కు కుటుంబం తరఫున లేఖ పెట్టి చేరిన తేదీ, హోదా, పనిచేసిన స్టేషన్లు, వచ్చిన రివార్డులు అడగండి. వరద డ్యూటీ సంగతి కూడా ఆ లేఖలో ఉంటే మంచిది. పెన్షన్ పత్రంలో ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎట్లుందో అర్జీలోనూ అదే ఉండాల.

ఏప్రిల్ 14 సరైన రోజే. 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ పేలి చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగా 20వ తేదీ దాకా వారోత్సవాలు జరుపుతారు. అయితే ఆ రోజు అంబేద్కర్ జయంతి కూడా. పొద్దున నాయకులు, అధికారులు అందరూ అక్కడే ఉంటారు. సాయంత్రమో, వారంలో ఇంకో రోజో పెట్టుకోండి. స్టేషన్ సిబ్బందిని పిలిస్తే సిలిండర్ మంట ఆర్పే ప్రదర్శన అక్కడే చేయించవచ్చు. ఆయనకు దానికి మించిన దండ ఏముంటుంది?

ఆర్చి గురించి ఇంకొక్క మాట. ప్రాంగణాల గేటు మీద కమాను ఉంటే కింద 4.5 మీటర్లు ఖాళీ ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. ఫైర్‌మన్ పేరుతో కట్టిన ఆర్చికి ఫైరింజనే తగులుకుంటే నవ్వులపాలు.

బోర్డుల పని:
కడప బండ మీద చెక్కిస్తామని వస్తారు చాలామంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అది పొరల రాయి, ఎండావానకు పెచ్చులు లేస్తే ముందు పోయేవి అక్షరాల ఒత్తులే. రాయే కావాలంటే నల్ల గ్రానైట్ తీసుకోండి. నన్నడిగితే 2 మి.మీ. అల్యూమినియం రేకు, దాని మీద బండి లైటు పడితే మెరిసే రెట్రో రిఫ్లెక్టివ్ షీటు. మామూలు వినైల్ మన ఎండలకు వెలిసిపోతుంది.

4 అడుగుల బోర్డుకు రెండు జీఐ పైపులు, 2 అడుగుల లోతు గుంత, 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు. బోర్డు కింది అంచు నేల నుంచి 7 అడుగులకు తగ్గకూడదు. గుంత తీసేముందు తాగునీటి పైపు యాడ పోతుందో కనుక్కోండి. వీధి రెండు చివర్లా పెట్టండి, మలుపులో బండ్లకు అడ్డం రాకుండా.

'లీడింగ్ ఫైర్‌మన్ కీర్తిశేషులు శ్రీ' అంటూ మొదలుపెడితే అసలు పేరుకు చోటుండదు. పేరు పెద్దక్షరాల్లో, హోదా కింద చిన్నగా. డీటీపీ వాళ్లు ఫోన్‌లో టైప్ చేసే యూనికోడ్ నుంచి వాళ్లు వాడే 'అను' ఫాంట్‌కు మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. ఫోన్‌లో ఫొటో చూసి సరేననొద్దు, కాగితం మీద ప్రింటు తీయించి ఇంటివాళ్లతో చదివించి సంతకం తీసుకోండి. బోల్టులు బిగించినాక నట్లకు వెల్డింగ్ చుక్క పెట్టించండి, లేకుంటే రేకు పాత సామాన్ల అంగట్లో తేలుతుంది.